విశాఖ బాల్కనీకి పూతీగ: గాలిని చూసి రకం ఎంచుకునే పద్ధతి

"మా బాల్కనీకి ఏ పూతీగ బాగుంటుంది?" అని అడిగే విశాఖవాసులకు నేను ముందుగా వేసే ప్రశ్న ఒకటే. మీ బాల్కనీలో ఆరేసిన తువ్వాలు క్లిప్పు లేకుండా నిలుస్తుందా?

ఎండ గురించి అందరూ ఆలోచిస్తారు. ఈ ఊళ్లో మాత్రం తీగ బతుకును చాలావరకు గాలే నిర్ణయిస్తుంది. ఒకే అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో విరగబూసిన అల్లమండా, ఏడో అంతస్తులో ఆకు నిలుపుకోలేకపోవడం నేను చూశాను. మట్టి ఒకటే, ఎరువు ఒకటే, దిక్కు కూడా ఒకటే.

అందుకని ఇక్కడ చెప్పే వరుస ఇది: ముందు చోటు, తర్వాత తీగ ఎక్కే తీరు, ఆ తర్వాతే రకం. నర్సరీ మాట ఐదో అంకెలో వస్తుంది. అంతవరకు డబ్బు ఖర్చు పెట్టకండి.

## 1. కొనే ముందు వారం రోజులు బాల్కనీని గమనించండి

ఎండ. ఒక సెలవు రోజు ఉదయం 7 నుంచి సాయంత్రం 5 వరకు గంటకొకసారి ఒకే చోట నిలబడి ఫోనుతో ఫొటో తీయండి. కుండీ పెట్టదలచిన చోట నేరుగా ఎండ పడిన గంటలు లెక్కించండి. వెలుతురును ఎండగా లెక్కపెట్టవద్దు. 5 గంటలు దాటితే నిండు ఎండ, 3 నుంచి 5 గంటలైతే పూట ఎండ, అంతకన్నా తక్కువైతే నీడ.

గాలి. జానెడు పొడవున్న పాత చీర పేలికను రైలింగ్‌కు కట్టండి. ఉదయం, సాయంత్రం 4 గంటల ప్రాంతంలో చూడండి. ఎక్కువ సేపు వేలాడుతూ ఉంటే మామూలు చోటు. అడ్డంగా ఎగురుతూనే ఉంటే అది గాలి చోటు.

ఉప్పు. రైలింగ్‌ను, కిటికీ అద్దాన్ని శుభ్రంగా తుడిచి మూడు రోజులు వదిలేయండి. తర్వాత వేలితో రాస్తే జిగటగా, తెల్లటి మరక తగిలిందా? తలుపు గడియలు, ఏసీ బయటి పెట్టె, గ్రిల్ మూలలు తొందరగా తుప్పు పడుతున్నాయా? అయితే ఉప్పుగాలి మీ దాకా వస్తున్నట్టే. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, సాగర్‌నగర్, రుషికొండ వైపు ఇది సహజం. సీతమ్మధార, మర్రిపాలెం, గోపాలపట్నం వైపు ఉప్పు తక్కువే. అయినా పై అంతస్తుల్లో ఒకసారి పరీక్షించుకోవడం మంచిది.

బరువు. 12 అంగుళాల కుండీ తడి మట్టితో 15 నుంచి 20 కిలోలు తూగుతుంది. 18 అంగుళాలదైతే 50 కిలోలు దాటుతుంది. పెద్ద కుండీలను రైలింగ్ అంచున కాకుండా ఇంటి గోడ వైపు పెట్టండి. పాత భవనమైతే ఇంజనీరును అడిగాకే పెద్దవి తెచ్చుకోండి.

కాగితం మీద రాసుకోవలసినవి:

- నేరుగా ఎండ పడే గంటలు, ఏ పూట
- గాలి చోటా, మామూలు చోటా
- ఉప్పు ఉందా, లేదా
- తీగ ఎక్కడానికి దొరికే ఎత్తు, వెడల్పు
- నీళ్లు బయటకు పోయే దారి, కింది ఇంటి మీద పడతాయా
- చిన్న పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్నాయా

## 2. దిక్కు విషయంలో ఒక మెలిక

విశాఖ దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. దీనివల్ల మే రెండో వారం నుంచి జూలై నెలాఖరు వరకు మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అంటే మిగతా ఏడాది చాలావరకు నీడగా ఉండే ఉత్తరపు బాల్కనీలో ఆ రెండున్నర నెలలు ఉదయం, సాయంత్రం ఎండ పడుతుంది. నీడకు అలవాటుపడిన తీగ ఆకులు అప్పుడే మాడతాయి.

దక్షిణపు బాల్కనీ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలడం వల్ల ఎండ గుమ్మం దాకా వస్తుంది. ఎండాకాలంలో పై అంతస్తు స్లాబు దాన్ని అడ్డుకుంటుంది. డిసెంబరులో ఎండ చూసి కాగితం పూలు కొన్నవారు, "జూన్‌లో ఆకులు తప్ప ఏమీ లేవు" అని అడగడం వెనుక కారణం ఇదే. కుండీని ఋతువును బట్టి రైలింగ్ దగ్గరికి, గోడ దగ్గరికి జరుపుకోగలిగితే సగం సమస్య తీరుతుంది.

తూర్పు బాల్కనీ ఉదయపు ఎండకు చాలా మంచిది, కాని సముద్రం కూడా అటే ఉంది. పడమటిది ఉప్పు తక్కువ, వేడి ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు ఎండకు కుండీ గోడలే కాలిపోతాయి. అక్కడ నల్ల ప్లాస్టిక్ కుండీలు వాడవద్దు.

## 3. తీగ దేన్ని పట్టుకుని ఎక్కుతుందో తెలుసుకోండి

నర్సరీలో ఎవరూ చెప్పని సంగతి ఇది. తెలియకపోతే మంచి తీగ కూడా పందిరి కిందే కుప్పగా పడి ఉంటుంది.

చుట్టుకునేవి: శంఖుపుష్పం, కాశీరత్నం, మండేవిల్లా. కాండమే ఆధారాన్ని చుట్టుకుంటుంది. వీటికి నిలువు తాడు, సన్నటి వెదురు కర్ర కావాలి. లావు స్తంభాన్ని చుట్టుకోలేవు.

నులితీగలతో పట్టుకునేవి: కృష్ణకమలం, వెల్లుల్లి తీగ, కోరల్ తీగ. వీటికి పెన్సిల్ కన్నా సన్నటి ఆధారం ఉండాలి. వల సరిగ్గా సరిపోతుంది.

వాలి పాకేవి: కాగితం పూలు, సన్నజాజి, అల్లమండా. ఇవి తమంతట తాము గట్టిగా పట్టుకోలేవు, మీరే కట్టాలి. గాలి చోట ఇది లోపం కాదు, సుగుణం. ఎంత ఎత్తు వరకు, ఎటు వెళ్లాలో మీ చేతిలో ఉంటుంది.

గోడకు వేళ్లతో అంటుకునేవి: అద్దె ఇంట్లోనైనా, సొంత ఇంట్లోనైనా బాల్కనీ గోడకు వీటిని ఎక్కించవద్దు. పీకినప్పుడు రంగు, సున్నం కూడా ఊడి వస్తాయి.

రాధామనోహరం చుట్టుకుంటుంది, వాలుతుంది కూడా. బరువు విపరీతంగా పెరుగుతుంది. దాని సంగతి వేరే చెబుతాను.

## 4. చోటును బట్టి రకాలు

### 4.1 సముద్రానికి ఎదురుగా, ఎండ, గాలి రెండూ ఉన్నచోట

మన తీరంలో ఇసుక మీద ఊదా పూలతో ఒక తీగ పాకుతూ ఉంటుంది, చూసే ఉంటారు. ఆకు మందంగా, నున్నగా ఉంటుంది. నేలను విడిచి లేవదు. ఉప్పుగాలిలో బతికే పద్ధతి అదే: దళసరి ఆకు, తక్కువ ఎత్తు. పలుచటి పెద్ద ఆకులున్న తీగను ఏడో అంతస్తు బాల్కనీలో పైకప్పు దాకా ఎక్కించాలని చూస్తే గాలి ఒప్పుకోదు. ఇక్కడ తీగను రైలింగ్ ఎత్తుకే పరిమితం చేసి, అడ్డంగా పాకించండి.

కాగితం పూలు ఇక్కడ నా మొదటి ఎంపిక. ఉప్పును, ఎండను, నీటి ఎద్దడిని ఇంతగా ఓర్చుకునే పూతీగ మరొకటి లేదు. 12 నుంచి 14 అంగుళాల కుండీ చాలు. వేళ్లు కాస్త ఇరుకుగా ఉంటేనే బాగా పూస్తుంది. పాతకాలపు ముదురు గులాబీ, ఊదా రంగు రకాలు గట్టివి. ఆకు మీద తెలుపు, పసుపు మచ్చలున్న రకాలు నెమ్మదిగా పెరుగుతాయి. ముద్దపూల రకాలు చూడటానికి బాగుంటాయి కాని, వాడిన పూలు రాలకుండా గోధుమరంగు ముద్దలుగా కొమ్మకే వేలాడతాయి. వానకాలంలో వాటిని చేత్తో తీసేయాలి. ముళ్లుంటాయి కనుక నడిచే దారి వైపు పెట్టవద్దు.

శంఖుపుష్పం రెండోది. ఖర్చు దాదాపు లేదు. విత్తనాలను రాత్రంతా నానబెట్టి నాటితే సుమారు రెండు నెలల్లో పూత మొదలవుతుంది. గాలికి విరిగినా మళ్లీ విత్తుకోవచ్చు. నీలం, తెలుపు, రేకల ముద్ద, ఒంటి రేక అన్నీ దొరుకుతాయి. కాయలను ముదరనిస్తే పూత తగ్గుతుంది. విత్తనానికి నాలుగు కాయలు ఉంచుకుని మిగతావి పచ్చిగా ఉండగానే తుంచేయండి.

కోరల్ తీగ గులాబీ గుత్తులతో ఎక్కువ కాలం పూస్తుంది, నీరు తక్కువైనా తట్టుకుంటుంది. ఒక హెచ్చరిక: నేలలో దుంపలు ఊరి, విపరీతంగా వ్యాపిస్తుంది. కుండీలోనే ఉంచండి, కత్తిరించిన ముక్కలను ఖాళీ స్థలాల్లో పారేయకండి. తేనెటీగలు గుంపులుగా వస్తాయి కనుక, తేనెటీగ కుడితే ఒళ్లు వాచేవారు ఇంట్లో ఉంటే దీన్ని వదిలేయండి.

### 4.2 నిండు ఎండ, మామూలు గాలి

రాధామనోహరం గురించే ఎక్కువమంది అడుగుతారు. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ, ఆ తర్వాత ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. రాత్రి సువాసన ఇల్లంతా నిండుతుంది. ఇంత అందమైనది కాబట్టే నిజం చెప్పాలి: ఇది 20 అడుగులు సులువుగా దాటుతుంది, కుండీలో ఉన్నా ఊరుకోదు. 16 అంగుళాలకు తగ్గని కుండీ, గోడకు దిగగొట్టిన గట్టి ఆధారం, ఏడాదికి ఒకటి రెండుసార్లు నిర్దాక్షిణ్యంగా కత్తిరింపు, ఈ మూడూ కుదిరితేనే పెంచండి. కొత్త చిగుళ్ల మీదే పూస్తుంది కనుక కత్తిరింపుకు భయపడనక్కర లేదు. చిన్న బాల్కనీకి పొట్టి రకం అడగండి.

పేర్ల గందరగోళం కూడా ఉంది. రాధామనోహరాన్నే కొందరు మాధవీలత అని అమ్ముతారు. అసలు మాధవీలత వేరు. అంచులు చీలికలుగా ఉన్న తెల్లటి పూరేకలు, ఒక రేక మీద పసుపు మరక ఉంటుంది. మాను కట్టే పెద్ద లత, కుండీకి పనికిరాదు.

సన్నజాజి బాల్కనీకి అణకువగల తీగ. 12 అంగుళాల కుండీలో, అయిదారు అడుగుల పందిరి మీద హాయిగా ఉంటుంది. పూట ఎండలో బతుకుతుంది కాని పూలు పలచబడతాయి. దండకు సరిపడా కోయాలంటే నిండు ఎండ కావాలి. మల్లెను తీగగా పెంచాలనుకునేవారు తీగమల్లె రకం అడిగి తీసుకోండి. గుండుమల్లె పొదగానే పెరుగుతుంది, పందిరి ఎక్కమంటే ఎక్కదు.

అల్లమండా పెద్ద పసుపు గంటలతో ఏడాదిలో ఎక్కువ భాగం పూస్తుంది. ఆకు మందంగానే ఉంటుంది కాని పొడవాటి కొమ్మలు గాలికి విరుగుతాయి. తెల్లటి పాలు చర్మానికి దురద పుట్టిస్తాయి, కడుపులోకి పోతే వాంతులు, విరేచనాలు అవుతాయి. పసిపిల్లలున్న ఇంట్లో వద్దు.

కృష్ణకమలం, చాలామంది కౌరవ పాండవుల పువ్వు అనేది, వలను ఒక్క సీజన్‌లో కప్పేస్తుంది. సీతాకోకచిలుకల గొంగళిపురుగులు దీని ఆకుల్ని ఇష్టంగా తింటాయి. నాలుగు ఆకులు వాటికి వదిలేయగలిగిన వారే ఇది పెంచాలని నా అభిప్రాయం.

పెట్రియా గరుకు ఆకులతో, చలి తగ్గేవేళ నీలి ఊదా జాలరులతో వస్తుంది. మొదటి రెండేళ్లు నెమ్మది. ఓపిక ఉంటే పెట్టండి.

### 4.3 పూట ఎండ చోటు

వెల్లుల్లి తీగ ఆకు నలిపితే వెల్లుల్లి వాసన వస్తుంది, పూలు ఊదా రంగులో విచ్చి రోజులు గడిచేకొద్దీ వెలిసి తెల్లబడతాయి. ఏడాది పొడవునా పూయదు, విడతలుగా ఒక్కసారే కమ్మేస్తుంది. వానలు తగ్గాక వచ్చే పూత చూడదగ్గది.

మండేవిల్లా చిన్న బాల్కనీకి సరిగ్గా సరిపోయే పరిమాణం. నీరు నిలిస్తే మాత్రం వేరు కుళ్లిపోతుంది. జూలై, ఆగస్టు వానల్లో కుండీని చూరు కిందకు జరపండి. దీని పాలు కూడా చర్మానికి మంచివి కావు.

ఎర్రటి పువ్వు తెల్లటి సంచిలోంచి తొంగిచూసే క్లెరోడెండ్రం తీగ కూడా ఈ చోటుకే సరిపోతుంది. గాలి తగలని మూల దీనికి కావాలి.

### 4.4 నీడ

ఉన్నమాట చెబుతాను: రెండు గంటల ఎండ కూడా లేనిచోట విరబూసే తీగ లేదు. హోయా ఒక్కటే నమ్మదగింది. మైనం పోసినట్టుండే నక్షత్రాల గుత్తులు, రాత్రి పరిమళం. మొదటి పూతకు రెండు మూడేళ్లు పట్టవచ్చు. పూలు రాలాక మిగిలే చిన్న కాడను కోయవద్దు. మళ్లీ అదే కాడ నుంచి పూస్తుంది.

### 4.5 కింది అంతస్తు, ముంగిలి, వరండా ముందు పందిరి

నేలలో నాటగలిగితే రాధామనోహరానికి పూర్తి స్వేచ్ఛ ఇవ్వవచ్చు. నీలి పూల థన్‌బెర్గియా, చలికాలంలో నారింజ రంగు గుత్తులతో మండిపోయే ఫ్లేమ్ వైన్ కూడా ఇక్కడే పెంచాలి, బాల్కనీలో కాదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మనోరంజితం. సింహాచలం సంపెంగ వాసన ఎరిగినవారికి దీని పరిమళం గురించి చెప్పనక్కర లేదు. కాని సంపెంగ చెట్టు, ఇది తీగ. పువ్వు ముందు ఆకుపచ్చగా ఆకుల్లో కలిసిపోయి ఉంటుంది. పసుపు తిరిగాక వాసనే దాని ఉనికిని చెబుతుంది. పూకాడ కొక్కెంలా వంగి ఆధారాన్ని పట్టుకుంటుంది. నేలలో, గట్టి పందిరితో పెంచండి.

### 4.6 మోజుపడి కొనకూడనివి

విస్టీరియా, క్లెమాటిస్. ఫొటోల్లో చూసి ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు ఏటా పెరుగుతున్నారు. ఇవి చలిదేశపు తీగలు. మొగ్గ కట్టడానికి గట్టి చలికాలం కావాలి. మనకు జనవరి రాత్రుల్లో కూడా అంత చలి ఉండదు. అగ్నిశిఖ మన నేలకు సరిపోయేదే, పువ్వు అద్భుతం. కాని మొక్కంతా, ముఖ్యంగా దుంప, ప్రాణాంతకమైన విషం. పిల్లలు, కుక్కపిల్లలు తిరిగే ఇంటికి దాన్ని తేవద్దు.

## 5. నర్సరీలో ఏం చూడాలి

మన నర్సరీలకు వచ్చే మొక్కల్లో చాలా భాగం కడియం, కడియపులంక నుంచి లారీల్లో వస్తాయి. అక్కడి మెత్తటి గాలిలో, షేడ్ నెట్ (ఎండను తగ్గించే వల) కింద పెరిగిన మొక్కను నేరుగా సముద్రపు బాల్కనీలో పెడితే ఆకులన్నీ రాలుస్తుంది. అది చచ్చిపోవడం కాదు, బెదరడం.

- పొడవాటి ఒంటి కాండం కన్నా, మొదట్లో మూడు నాలుగు కొమ్మలున్న పొట్టి మొక్క మేలు.
- ఆకు తిప్పి చూడండి. తెల్లటి దూది ముద్దలుంటే పిండినల్లి. ఆ మొక్కే కాదు, పక్కది కూడా వద్దు.
- కాండాన్ని మెల్లగా కదపండి. మట్టిలో వదులుగా ఊగితే వేరు ఇంకా పట్టలేదు.
- కాగితం పూలను ఒక్క పువ్వైనా ఉన్న మొక్కగా కొనండి, రంగు నమ్మకం కుదురుతుంది. మిగతా తీగలకు పూత చూసి మోసపోవద్దు.

## 6. కుండీ, మట్టి, ఆధారం

కొలత ఇది: పాళ్ల లెక్కన ఎర్రమట్టి 2, నానబెట్టి కడిగిన కొబ్బరిపొట్టు 1, మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు 1, నదీ ఇసుక అర. దీనికి కుండీకి గుప్పెడు వేపపిండి. కాగితం పూలకు కొబ్బరిపొట్టు సగానికి తగ్గించి ఇసుక పెంచండి.

కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది. నీళ్లలో నానబెట్టి, పిండి, మూడుసార్లు నీళ్లు మార్చండి. ఇక బీచ్ ఇసుక. దగ్గర్లో ఉంది కదా అని తెచ్చి కలిపేవారున్నారు. దయచేసి వద్దు. అందులోని ఉప్పు వేళ్లను మాడుస్తుంది. పైగా తీరంలో ఇసుక తవ్వడమే తప్పు.

ఆధారానికి ఇనుప తీగ వాడితే సముద్రం వైపు రెండేళ్లు కూడా నిలవదు. ప్లాస్టిక్ పూత ఉన్న తీగ, నైలాన్ తాడు, వెదురు వాడండి.

అన్నిటికన్నా ముఖ్యమైన సలహా: పందిరిని రైలింగ్‌కు కాకుండా కుండీకే బిగించండి. మూడు వెదురు కర్రలను కుండీలో లోతుగా గుచ్చి పైన కట్టినా చాలు. తుపాను హెచ్చరిక వస్తే కుండీతో పాటు తీగ మొత్తం లోపలికి వస్తుంది. రైలింగ్‌కు అల్లుకున్న తీగను ఆ రాత్రి విడదీయడం ఎవరి వల్లా కాదు.

## 7. నాటే క్రమం

మంచి సమయం జూన్ చివరి నుంచి ఆగస్టు వరకు. రెండో అదను నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి. ఏప్రిల్, మే వద్దు. అక్టోబరు తుపానుల కాలం కనుక పై అంతస్తులవారు ఆగడమే మంచిది.

1. మొక్క తెచ్చాక వారం రోజులు నీడలో, గాలి తగలని మూల ఉంచండి. తర్వాత వారం ఉదయపు ఎండకు మాత్రం.
2. కుండీ అడుగు రంధ్రాల మీద పెంకు ముక్కలు పరచండి. రంధ్రం మూయకూడదు.
3. సంచి కోసి మట్టి ముద్దను చూడండి. బంకమట్టితో గట్టిగా ఉంటే బకెట్ నీళ్లలో అరగంట ఉంచి, బయటి పొరను వేళ్లతో సడలించండి. ఈ పని చేయకపోతే ఆ ముద్ద ఎండి ఇటుకవుతుంది. మీరు పోసిన నీళ్లు దాని పక్కనుంచి జారిపోతాయి, వేరుకు అందవు. కాగితం పూలకు మాత్రం వేరు కదిలితే కష్టం, పైపైన గీరి వదిలేయండి.
4. కర్రలను మొక్క కన్నా ముందే గుచ్చండి. తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి.
5. ముద్ద పైభాగం కుండీ అంచుకు రెండు అంగుళాలు కిందుండేలా నాటి, చుట్టూ మట్టి నొక్కండి.
6. అడుగు నుంచి నీళ్లు కారే వరకు పోయండి.
7. కాండాన్ని ఆధారానికి పాత నూలు గుడ్డ పేలికతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. బిగించి కడితే కాండం లావయ్యాక కోసుకుపోతుంది.
8. జానెడు పెరిగాక కొన తుంచండి. ఒక్క తీగ రెండవుతుంది, రెండు నాలుగవుతాయి.

## 8. తర్వాతి సంరక్షణ

నీళ్లు. వేలు మొదటి కణుపు దాకా మట్టిలో గుచ్చి, పొడిగా ఉంటేనే పోయండి. గాలి చోట కుండీ రెట్టింపు వేగంతో ఆరుతుంది. కుండీ కింద పళ్లెంలో నీరు నిలవనివ్వకండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అక్కడే.

ఉప్పు కడగడం. సముద్రం వైపు ఉన్నవారు వారానికి ఒకసారైనా పొద్దున్నే ఆకుల మీద మంచినీళ్లు చల్లండి. గాజువాక వైపు, పారిశ్రామిక ప్రాంతాల దగ్గర ఉండేవారికి దుమ్ము కోసం ఇదే పని. బోరు నీటితో కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే, నెలకొకసారి వాననీరో, పంపు నీరో ధారాళంగా పోసి అడుగు నుంచి పారనివ్వండి.

ఎరువు. నెలకొకసారి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు. యూరియా వంటివి వద్దు, ఆకులే వస్తాయి.

కత్తిరింపు. మల్లె, జాజులకు డిసెంబరు, జనవరి నెలల్లో. కత్తిరించే ముందు రెండు వారాలు నీళ్లు తగ్గించండి. కాగితం పూలకు ఒక విడత పూత రాలగానే. రాధామనోహరానికి వానలకు ముందు. కత్తెర పట్టేముందు గుబురులోకి ఒకసారి చూడండి. తేనెపిట్టలు ఇలాంటి వేలాడే తీగల్లోనే గూడు కడతాయి. గూడుంటే పిల్లలు ఎగిరిపోయే దాకా ఆగండి.

## 9. తరచుగా వచ్చే సమస్యలు

ఆకుల కొనలు, అంచులు గోధుమరంగులో ఎండుతున్నాయి. గాలి వైపు ఆకులే ఎండితే ఉప్పుగాలి. కడగండి, షేడ్ నెట్ అడ్డు పెట్టండి. అన్ని వైపులా ఎండితే నీటిలో ఉప్పు లేదా వేరు ఎండిపోవడం.

కాగితం పూలకు ఆకులే, పూలు లేవు. ఎండ తక్కువ, లేదా నీళ్లు, ఎరువు ఎక్కువ. ఎరువు ఆపండి. ఆకులు కాస్త వాడేవరకు నీళ్లు ఆపి, మళ్లీ పోయండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే మొగ్గ వస్తుంది. వానకాలంలో పూయకపోతే కంగారు వద్దు, అది దాని స్వభావం.

కింద బోడి, పైన గుబురు. తీగను నిట్టనిలువుగా వదిలేశారు. కొమ్మలను అడ్డంగా వంచి కట్టండి. వంచిన కాండం మీద ప్రతి కణుపూ చిగురిస్తుంది. సన్నజాజి మీద నేను ఎక్కువగా చేసే పని ఇదే.

మొగ్గలు విచ్చకుండా రాలుతున్నాయి. ఒకరోజు నీళ్లు మరిచి, మర్నాడు ఎక్కువగా పోయడం వల్ల తరచుగా ఇలా అవుతుంది. మొగ్గ కట్టాక కుండీ చోటు మార్చినా రాలతాయి.

పిండినల్లి. ముందు నీటి ధారతో కడగండి. తర్వాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు నీరు కలిపి సాయంత్రం ఆకుల అడుగున పిచికారీ చేయండి. వారం తేడాతో మూడుసార్లు. ఎండలో కొడితే ఆకు కాలుతుంది.

## 10. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. ఆ రోజు చూసినవారికి బాల్కనీలో కుండీ ఎంత ప్రమాదకరమో వేరే చెప్పక్కర లేదు. ఊడిపడిన కుండీ కింద నడిచే మనిషి ప్రాణం తీస్తుంది. మొక్క సంగతి తర్వాత.

హెచ్చరిక రాగానే, ఈ వరుసలో:

- వేలాడే కుండీలు, రైలింగ్ మీది కుండీలు మొదట దించండి
- కదిలే కుండీలను గదిలోకి తీసుకురండి
- గదిలోకి తేలేని పెద్ద కుండీలను గోడ మూలకు చేర్చి, పక్కకు పడుకోబెట్టండి
- రైలింగ్‌కు వల కట్టి ఉంటే విప్పేయండి, ఆకులు నిండిన వల తెరచాపలా గాలిని పట్టి రైలింగ్‌నే లాగుతుంది
- పొడవాటి తీగలను మూడడుగులకు కత్తిరించండి, జాలిపడకండి
- పళ్లేలు, పనిముట్లు, విడి కర్రలు లోపల పెట్టండి

గాలి తగ్గాక, వాన వెలిశాక, మొదటి పని ఆకులను, కాండాలను మంచినీళ్లతో బాగా కడగడం. కుండీల్లో కూడా ధారాళంగా పోసి ఉప్పును అడుగు నుంచి పోనివ్వండి. నాలుగైదు రోజుల్లో ఆకులన్నీ మాడి రాలవచ్చు. అప్పుడు ఎరువు వేయకండి, పీకేయకండి. కాండం మీద గోటితో చిన్న గీత గీయండి. లోపల పచ్చగా కనిపిస్తే అది బతికే ఉంది. మట్టి ఆరినప్పుడల్లా కొంచెం నీళ్లు పోస్తూ మూడు వారాలు ఆగితే, మొదటి చిగురు సాధారణంగా కింది కణుపుల నుంచే వస్తుంది. గీత కింద గోధుమరంగు కనిపిస్తే ఇంకాస్త కిందకు గీయండి, పచ్చదనం కనిపించే చోటికి పైన కత్తిరించండి.